జాకీ రాడ్డు మీద నా అక్షరాలు

మా లారీ సంఘానికి కొత్తగా కార్యదర్శి అయిన గౌరి మొన్నొక ఉదయం మా ఇంటికొచ్చి, "తాతా, ఆ కుర్సీలో అన్నేళ్ళు కూకున్నావు గదా. ఆపీసులో సేరబోయే మాలాటోల్లకి పనికొచ్చేది ఏటైనా రాసియ్యి" అంది. 'పనికొచ్చేది' అన్న మాట నొక్కి అంది. నేను మామూలుగా మాట్లాడేది పనికి రాదని సంఘంలో అప్పటికే నిర్ణయం అయిపోయిందన్నమాట.

గౌరి వాళ్ళ నాన్నకి సాలూరులో రెండు లారీలున్నాయి. డిగ్రీ చదివింది. కంప్యూటర్లో తెలుగు కొడుతుంది. నేను మూడో తరగతితో ఆగిపోయినవాణ్ణి. అలాంటి నేను ఆమెకి ఉద్యోగం నేర్పడం ఏమిటని వారం రోజులు ఆలోచించాను. తర్వాత తట్టింది. ఈ ఉద్యోగంలో చెయ్యగలిగిన తప్పులన్నీ నేను చేసి ఉన్నాను. ఆ విషయంలో నన్ను మించిన చదువరి జిల్లాలో లేడు.

ముందే చెప్పాలి. ఇది ఊళ్ళో ఉన్న పెద్ద సంఘం మాట కాదు. మేం పాతిక మందిమి విడిపోయి పెట్టుకున్న చిన్న సంఘం. మాకు రెండు గదుల ఆఫీసు, ఒక ఫ్యాను, ఒక గుమాస్తా ఉండేవి. గుమాస్తాని నేనే. కొన్నాళ్ళకి కార్యదర్శి అన్నారు. ఫ్యాను మాత్రం మారలేదు.

నా చదువు

నేను అక్షరాలు నేర్చుకున్నది నంబరు ప్లేట్ల మీద. పన్నెండో ఏట లారీ బాడీలు కట్టే షెడ్డులో పెయింటరు దగ్గర చేరాను. లారీ వెనక 'సౌండ్ హారన్' అని రెండేళ్ళు ఇంగ్లీషులో రాశాను. అది లారీ ఓనరు పేరనుకునేవాణ్ణి. ఇన్ని లారీలున్న ఆసామి ఒక్కసారైనా షెడ్డుకి రాడేమిటని మేస్త్రిని అడిగాను కూడా. ఆ రోజు షెడ్డంతా నవ్విన నవ్వు నాకింకా వినిపిస్తుంది.

తెలుగు చదవడం టీ కొట్టు పేపరుతో వచ్చింది. కొత్త మాట కనిపిస్తే చొక్కా జేబులోని చిన్న పుస్తకంలో రాసుకునేవాణ్ణి. అర్థం తర్వాత ఎప్పుడో తెలిసేది. ముందు వాడేసేవాణ్ణి.

షెడ్డులో ఇంకో పని ఉండేది. లారీ సామాను ఒక లారీలోంచి ఇంకో లారీలోకి మాయమవుతూ ఉంటుంది. అందుకని మా సంఘంలో జాకీకి, దాన్ని తిప్పే ఇనప రాడ్డుకి, చక్రాల బోల్టులు విప్పే వీల్ పానాకి ఆ లారీ నంబరు తెల్ల రంగుతో రాయించుకునేవారు. సంఘం గుమాస్తా అయ్యాక కూడా ఆ రాత పని నేను వదల్లేదు. నా నాలుగు అంకెకి కింద చిన్న తోక ఉంటుంది. అందానికి లాగేవాణ్ణి. నాలుగు ఉన్న నంబరు వచ్చిందంటే నాకు పండగ.

ఆ తోక గుర్తుంచుకోండి. దాని అవసరం ముందుంది.

అసలు పని

కొత్తవాళ్ళు సంఘం పనంటే ట్రిప్ షీట్లు, రశీదులు అనుకుంటారు. అవి ఎవరైనా రాస్తారు. మా లారీ ఎక్కడైనా ఆగిపోతే వెళ్ళి పక్కన నిలబడటం అసలు పని. ఘాట్ రోడ్డు మీద, రైల్వే గూడ్స్ యార్డులో, చెక్ పోస్టు దగ్గర డ్రైవరు ఒంటరివాడు. సంఘం వచ్చిందంటే అవతలివాళ్ళ గొంతు తగ్గుతుంది. ఈ పని గొప్పదే. నేను ఇప్పటికీ అదే అంటాను.

అయితే ముందు అరవడం, తర్వాత అడగడం నా పద్ధతి.

ఒకసారి ఆమదాలవలసలో మా లారీ ఒక బియ్యం వ్యాపారి గోడని పడగొట్టింది. నేను బస్సు దిగుతూనే అందుకున్నాను. గోడ రోడ్డు మీదికి కట్టారన్నాను. పునాది లేదన్నాను. చివరికి గోడే లారీ మీద పడిందన్నాను. గంటసేపు ఊపిరి తీసుకోకుండా వాదించాను. వ్యాపారి మంచినీళ్ళు తెప్పించి, "ముందు మీ డ్రైవర్ని అడగండి బాబూ" అన్నాడు.

మా డ్రైవరు తల గోక్కున్నాడు. "నాకేటి తెలుసు మావా? నాను నిద్దర్లో ఉన్నాను. బండి క్లీనరు తోలినాడు."

అక్కడితో నేర్చుకోవలసింది. నేర్చుకోలేదు. సాలూరు తిరిగొచ్చి, గంటసేపు వాదించినందుకు ప్రెసిడెంట్ గారి చేత భేష్ అనిపించుకున్నాను.

ఒక కొత్త మాట

ఘాట్ పైన, ఒడిశా వైపు, మాకొక మిత్ర సంఘం ఉండేది. దాని పేరు ఇప్పుడెందుకు, ఆ సంఘమే ఇప్పుడు లేదు. పైనుంచి వచ్చే అల్లం, చింతపండు లోడింగు వాళ్ళది, కిందికి తోలేది మేము. మా లారీ కొండల్లో చెడిపోతే వాళ్ళ మెకానిక్కులు వర్షంలో కూడా వచ్చేవారు. మంచివాళ్ళు. స్నేహం అబద్ధం కాదు.

ఘాట్ మీద సుంకి ఊరు దాటాక లోపలి ఊళ్ళ రైతులు కొందరు ట్రాక్టర్లు కొనుక్కుని తమ అల్లం తామే తోలుకోవడం మొదలుపెట్టారు. మిత్ర సంఘానికి కోపం వచ్చింది. మాటామాటా పెరిగింది. ముందు రాయి ట్రాక్టర్ల వైపు నుంచే వచ్చింది. మిత్ర సంఘం క్లీనరు ఒకడికి తల పగిలింది. అది తప్పే. వాడికి కుట్లు పడ్డప్పుడు నేను ఆస్పత్రికి వెళ్ళి చూశాను, నిజంగానే బాధపడ్డాను.

అప్పటి మా ప్రెసిడెంటు రామున్నాయుడు గారు నన్ను పిలిచి, "ఒరే అప్పలసామీ, ఆళ్ళకో కాయితం రాసియ్యి. గట్టిగా ఉండాల. సూస్తే రోమాలు లేవాల" అన్నారు.

ఆ వారం పేపర్లో నాకొక కొత్త మాట దొరికింది. ఏదో పార్టీ ఇంకో పార్టీకి 'బేషరతుగా' మద్దతిచ్చిందని. ఆ మాట జేబు పుస్తకంలో ఉంది, వాడటానికి చోటు దొరక్క చెయ్యి దురద పెడుతోంది. రాసేశాను. 'మీరు తీసుకునే ప్రతి చర్యకూ మా సంఘం బేషరతుగా, సంపూర్ణంగా మద్దతు ప్రకటిస్తున్నది.' పెద్ద అక్షరాలు. కింద గీత. గీత కింద ఇంకో గీత. నాయుడు గారు చదివించుకుని, "అబ్బ! మాటంటే ఇదిరా" అన్నారు. ఆ కాగితానికి నకళ్ళు తీసి మిత్ర సంఘం లారీల్లో దేవుడి పటం పక్కన అంటించుకున్నారు. నాకు సన్మానం జరిగినట్టే ఉంది.

కాగితంతో పాటు ఒక లారీలో సామాను కూడా పంపాం. జాకీ రాడ్లు, పానాలు. 'ఆత్మరక్షణ నిమిత్తం' అని చలానా మీద రాసింది కూడా నేనే. ఆ మాట కూడా పేపర్లోదే.

వాళ్ళ జవాబు వారానికి వచ్చింది. మర్యాదగా ఉంది. మా లారీలకు కష్టం వస్తే 'పరిస్థితులను బట్టి, వీలైనంత వరకు' సాయం చేస్తామన్నారు. ఆ రోజు నాకు అందులో ఏ తేడా కనపడలేదు. వాళ్ళ గుమాస్తాకి మంచి మాటలు రావు పాపం అనుకున్నాను.

రాడ్డు తిరిగి వచ్చింది

నెల దాటాక, మధ్యాహ్నం పూట ఆఫీసులోకి ఒక మనిషి వచ్చాడు. సన్నగా, నల్లగా, నా వయసే, ముప్పై ముప్పై రెండు. కుడి చెయ్యి మెడకి గుడ్డతో వేలాడుతోంది. ఎడమ చేతిలో గోనె చుట్టిన పొడుగాటి వస్తువు. దాన్ని నా బల్ల మీద పెట్టాడు.

"మీ సామాను మా ఊర్ల ఉండిపోనాది. నంబరు సదివించుకుని తెచ్చినాను" అన్నాడు. తెలుగులో ఒడియా యాస.

గోనె విప్పాను. జాకీ రాడ్డు. దాని మీద తెల్ల రంగుతో లారీ నంబరు. అందులో నాలుగు. నాలుగు కింద తోక.

"ఈ అచ్చరాలు ఎవులు రాసినారు?" అన్నాడు.

అతను నా మొహం చూసి తెలుసుకున్నాడు. చదువు రానివాళ్ళు మొహాలు బాగా చదువుతారు.

అతని పేరు సుకురు. అల్లం రైతు. గొడవలో లేడు. ట్రాక్టరు సీటు మీద కూర్చుని ఉన్నాడంతే, రాయి వేసినవాళ్ళెవరో అతనికి తెలియదు. మిత్ర సంఘం తరఫున వచ్చినవాళ్ళు అడగలేదు. ఈ రాడ్డుతోనే భుజం మీద కొట్టారు. ఎముక రెండు చోట్ల విరిగింది.

"బాబూ, నాను నష్టం సొమ్ము ఇమ్మని రానేదు" అన్నాడు. "ఆళ్ళతో ఒక్క మాట సెప్పు. సాలండి, ఆపండి అని. మీ లారీలు రాకపోతే ఆళ్ళ సరుకు కొండ మీదే కుళ్ళిపోతాది. మీ మాట ఇంటారు. మా తమ్ముడి ట్రాక్టరు ఇంకా ఉన్నాది. ఆడికేటీ కాకుండా సెప్పు."

నేనన్న మాట ఇప్పుడు రాస్తుంటే పెన్ను ఆగుతోంది. "అది వాళ్ళ లోపలి వ్యవహారం. మేం కలగజేసుకోకూడదు" అన్నాను.

సుకురు రాడ్డు వైపు చూశాడు. నా వైపు చూశాడు. "ఇది కలగజేసుకోడం కాదేటి?" అన్నాడు.

అతన్ని కూర్చోబెట్టి నాయుడు గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన అన్నం తింటున్నారు. విన్నారు. పెరుగు కలుపుకుంటూ, "మన అక్షరమే అంటావు?" అన్నారు.

"నా అక్షరమే అండి."

"అయితే నోర్మూసుకో. మిత్రుడు కష్టంలో ఉన్నప్పుడు లెక్కలడుగుతామేట్రా? రేపు మనకి ఆళ్ళు కావాల. ఆ మనిషికి టీ ఇచ్చి పంపియ్యి."

టీ ఇచ్చి పంపాను. ఎడమ చేత్తో తాగాడు. రాడ్డు మాత్రం తీసుకెళ్ళలేదు. పది రోజులకి అతని తమ్ముడి ట్రాక్టరు తగలబెట్టారని తెలిసింది. ఆ రోజు కూడా నేను ఆఫీసుకెళ్ళి, ఫ్యాను కింద కూర్చుని, చలానాలు రాశాను. చేతిరాత ఎప్పటిలాగే ముద్దుగా ఉంది.

ఒక్క కార్డు ముక్క

తర్వాతి సంగతి నా బతుకులో పెద్ద అవమానం. అందుకే మీకు చెప్పాలి.

మూడో నెలలో మిత్ర సంఘం మా లారీనే ఆపింది. వాళ్ళ ప్రెసిడెంటు బావమరిది సొంత లారీ కొన్నాడు, దానికి లోడింగు కావలసి వచ్చింది. మేం వాళ్ళ జవాబు కాగితం తీసి చూపించాం. 'పరిస్థితులను బట్టి' అని వాళ్ళు వేలు పెట్టి చూపించారు. వాళ్ళ గుమాస్తాకి మంచి మాటలు రావనుకున్నది నేనే కదా!

నాయుడు గారు అగ్గి మీద గుగ్గిలం అయిపోయారు. "రాయరా! మద్దతు నేదు, మన్నూ నేదు!" నేను పోస్టు కార్డు మీద మూడు లైన్లు రాశాను. మద్దతు ఆపేశాం, సామాను తిరిగి పంపండి, ఇది తేలేదాకా మా బళ్ళు ఘాట్ ఎక్కవు. అందులో ఒక్క మంచి మాట లేదు.

వారంలో అంతా సద్దుమణిగింది. మా లారీ వదిలారు. ట్రాక్టర్ల జోలికి వెళ్ళడం కూడా మానేశారు. మా బళ్ళు లేకుండా రెండు పక్కలా కొట్లాట పెట్టుకునే ఓపిక వాళ్ళకి లేదు.

సుకురు చెప్పింది అక్షరాలా నిజం. మా మాట వింటారు. మా మాటకి ఆ బలం మొదటి రోజు నుంచీ ఉంది. మేం దాన్ని ఒక మనిషి ఎముక కోసం వాడలేదు, ఒక మనిషి ట్రాక్టరు కోసం వాడలేదు. మా లారీ ఆగినప్పుడు వాడాం.

నేను ఆ రాడ్డు ఇంటికి తీసుకుపోయాను. చాలా ఏళ్ళు పెరటి తలుపుకి అడ్డంగా వేసుకున్నాం. మా ఆవిడ రెండుసార్లు తుప్పు గీకి మళ్ళీ రంగు వెయ్యమంది. నేను వెయ్యలేదు. సుకురు ఇప్పటికీ సంతకి దిగినప్పుడు కనిపిస్తాడు. పలకరిస్తాను, పలుకుతాడు. అంతకు మించి ఏమీ లేదు, ఉండాలని కూడా నేను అడగలేదు. అతని కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవదు.

ఇప్పటి తీర్మానం

ఇదంతా మీకు ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, గత నెల మా సంఘం మహాసభలో ఒక తీర్మానం పెట్టారు. మన ప్రభుత్వం యుద్ధంలో ఉన్న ఒక మిత్ర దేశం వెనక నిలబడింది. ఏం చేసినా మీ వెంటే అంటోంది. ఆ దేశం పేరు నేను రాయను. రాస్తే మీరు పేరు దగ్గరే ఆగి కొట్టుకుంటారు, విషయం దాకా రారు. సంఘంలో ఇన్నేళ్ళు చూశాను. ఏ దేశమైనా నేనిదే రాస్తాను.

తీర్మానం ఏమిటంటే, ప్రభుత్వం ఇస్తున్న మద్దతుని మా సంఘం బేషరతుగా బలపరుస్తోంది. మళ్ళీ ఆ మాటే! ముద్రించిన కాగితం మీద చూడగానే నాకు భుజం నొప్పి పుట్టింది. సంతకం చెయ్యాల్సింది గౌరి. కార్యదర్శిగా ఆమె మొదటి కాగితం అది.

నేను లేచి నిలబడ్డాను. గోనె చుట్టిన రాడ్డు చేతిలో ఉంది. ప్రెసిడెంటు సత్తిబాబు, పాత నాయుడు గారి అల్లుడు, నవ్వేశాడు.

"మావా, నంబరు ప్లేట్లు రాసినోడివి. దేశాలకి కూడా బోర్డులు రాస్తావేటి?"

సభంతా నవ్వింది. నేనూ నవ్వాను. మాట బాగుంది.

"ఆ దేశం మీద ముందు దెబ్బ పడింది నిజమే" అన్నాను. "ఆళ్ళ మనుషులు చచ్చిపోయినప్పుడు నాను టీవీ ముందు కూకుని ఏడిసినాను. దెబ్బ తిన్నోడి పక్కన నిలబడదాం. కానీ రేపు ఆడు ఎవుల్ని కొట్టినా సరే అని ఈరోజే సంతకం పెడతామేటి? ఇప్పుడు టీవీలో సూడండి. రాయి ఏసినోడు కాదు, ట్రాక్టరు మీద కూకున్నోడు పడిపోతన్నాడు. ఆడి పిల్లలు పడిపోతన్నారు."

"ట్రాక్టరేటి మావా మద్దిన?" అన్నారెవరో.

రాడ్డు విప్పి బల్ల మీద పెట్టి సుకురు కథ చెప్పాను. బాగా చెప్పలేదు. కొందరు ఫోన్లు చూసుకున్నారు. తర్వాత నా సవరణ చదివాను. 'మన ప్రభుత్వం ఆ దేశానికి సామాను ఏదైనా పంపిస్తోందా, పంపిస్తే అది ఎవరి మీద పడుతోంది అన్నది మాకు చెప్పాలి. మామూలు జనం మీద పడితే మద్దతు ఆపాలి. ఆపమని ఆ మిత్రుడికి చెప్పాలి.' పంపిస్తోందో లేదో నాకు తెలియదు. పేపర్లో ఒకరు అవునంటారు, ఒకరు కాదంటారు. తెలియదు కాబట్టే అడగమన్నాను. బల్ల వెనక కూర్చుని అడగకుండా రాసినవాడి గతి ఏమిటో నాకు తెలుసు.

సత్తిబాబు చెడ్డవాడు కాదు. "మావా, మనకి కష్టం వచ్చిన రోజు ఆ దేశం సాయం సేసింది గదా. మొహం మీద షరతు పెడితే రేపు మనకెవులున్నారు?" అన్నాడు. వాళ్ళ మామగారి మాటే, పెరుగన్నం లేదంతే.

"బాబూ, ఆళ్ళు మనకి రాసిన కాయితం సదివినావా? అందులో బేషరతు ఉన్నాదేమో సూడు" అన్నాను. చదవలేదు. నేనూ చదవలేదనుకోండి. గట్టిగా అనేశాను. పాత అలవాటు.

చేతులెత్తమన్నారు. నా సవరణకి మూడు చేతులు లేచాయి. ఒకటి నాది. ఒకటి గౌరిది. మూడోది టీ కోసం. అసలు తీర్మానానికి హాలంతా లేచింది. అన్ని కుడి చేతులు తల పైకి లేవడం చూస్తుంటే సుకురు గుర్తొచ్చాడు. అతనా సభలో ఉన్నా, ఎటు వైపూ లెక్కలోకి వచ్చేవాడు కాదు.

సభ అయ్యాక గౌరి కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"సభ ఒప్పుకున్నాది తాతా. కార్యదర్శిని గదా, పెట్టాల గదేటి?"

పెట్టొద్దంటే సంఘం నియమం పోతుంది, ఆమె ఉద్యోగం పోతుంది. పెట్టమంటే నేను మళ్ళీ ఫ్యాను కింద కూర్చున్నట్టే. "నాకు తెలీదమ్మా" అన్నాను. అన్నేళ్ళ అనుభవం ఇచ్చిన సలహా అది.

ఆమె బల్ల దగ్గర కూర్చుని సంతకం పెట్టింది. సంతకం కింద ఒక లైను రాసింది. 'ఇది సభ తీర్మానం. కార్యదర్శిగా సంతకం చేశాను. సభ్యురాలిగా నేను వ్యతిరేకించాను. కారణం జతపరిచాను.' దాని వెనక నా సవరణ కాగితం పెట్టి పిన్ను కొట్టింది.

అలా రాయొచ్చని నాకు తెలియదు. ఆ కుర్సీలో అన్నేళ్ళు కూర్చున్నాను, సంతకం కింద అంత చోటు ఉంటుందని ఒక్కసారి కూడా చూసుకోలేదు. రెండు గీతలు కొట్టి ఆ చోటు నింపేసేవాణ్ణి.

కిటికీలోంచి గాలికి కాగితాలు లేస్తున్నాయి. గౌరి చుట్టూ చూసి, రాడ్డు రెండు చేతులతో ఎత్తి, వాటి మీద పెట్టింది.

"ఇది ఇక్కడే ఉంచియ్యి తాతా" అంది.

ఉంచేశాను. నాలుగు అంకె పైకి కనిపించేలా తిప్పి పెట్టాను.